వాగు మీద పడని మాను

నక్కను తిట్టడానికి ఈ కథ చెప్పట్లేదు. నక్క నక్కలాగే ఉంది. నా కోపమంతా మిగతా మంచివాళ్ళ మీద.

కొండ కింద అడవిలో, వాగుకి అవతలి ఒడ్డున ఒక బడి ఉండేది. ముసలి కొండముచ్చు పంతులు అడవి పిల్లలకి అక్కడ చదువు చెప్పేవాడు. ఏ కాయ తినొచ్చు, ఏ గాలి ఏ వాసన మోసుకొస్తుంది, ఇలాంటివి ఎప్పుడైనా చెప్పేవాడు గానీ ఉచ్చుల పాఠం మాత్రం వానల్లోనే. తడి నేల మీదే కదా వేటగాడి అడుగులు కనబడేది! తీరా ఆ వానల్లోనే వాగు పొంగేది, ఇవతలి ఒడ్డు పిల్లలు ఇళ్ళల్లో కూర్చునేవాళ్ళు.

కుందేలు చెంగమ్మ ఇల్లు ఇవతలి ఒడ్డునే. మొగుడు ఉచ్చులో పడి పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, మల్లి. తక్కిన చదువు వచ్చినా రాకపోయినా ఆ ఒక్క పాఠం పిల్ల చెవిన పడితే చాలని చెంగమ్మ ఆశ. మల్లికి ఇంకా రెండేళ్ళ చదువు మిగిలి ఉంది.

వాగు మీద ఒక పెద్ద మాను అడ్డంగా పడితే పిల్లలు దాటేస్తారు. ఏనుగు తెచ్చి వేస్తానంది కూడా. కాకపోతే కూలికి అది అడిగినంత ఎండు ఇప్పపువ్వు కావాలంటే తల్లిదండ్రుల సంఘం రెండేళ్ళు పోగెయ్యాలి. ఏటా పువ్వు రాలే రోజుల్లో సంఘం పిల్లల చేత నాటకం వేయించి, చూడ్డానికొచ్చినవాళ్ళ దగ్గర తలో దోసెడు పువ్వు పట్టేది. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే బడి మూసే రోజున, పోగైందంతా వండుకు తినేసి కొత్త సంఘానికి ఖాళీ గంప అప్పగించడం ఆనవాయితీ. లెక్క ఏ ఏటికా ఏడు తెగిపోతే తగవులుండవని పూర్వం ఎవరో పెట్టారట. తగవులు లేవు, నిజమే. మానూ లేదు.

ఆ ఏడు చెంగమ్మ గడపగడపకీ తిరిగి బతిమాలింది. ఈసారి తినొద్దు, దాచుదాం, వచ్చే ఏటిది కలిపితే మల్లి ఆఖరేడు వానల్లోపు మాను పడిపోతుంది అంది. అందరూ సరేనన్నారు. ముళ్ళపంది పైడయ్య బొరియ లోతైనది, చెమ్మ తగలదు. అక్కడే ఉంచుదామని, బడి మూసే రోజున అందరూ కూడినప్పుడు సంఘం ప్రెసిడెంటు ఎలుగుబంటి అన్నాడు. పైడయ్య తలూపాడు.

అప్పుడు లేచాడు నక్క గవరయ్య. ఆయన ఇల్లు బడి పక్కనే, ఆయన పిల్లలకి మానుతో పని లేదు. విందులో మొదటి ఆకు మాత్రం ఎప్పుడూ ఆయనదే.

"పైడయ్య మీద నాకు ఇంతైనా అనుమానం లేదు," అన్నాడు. "నా భయమల్లా ఆయన పరువు గురించే. పువ్వు ఎండేకొద్దీ తగ్గుతుంది. ఏడాది పోయాక గంప వెలితిగా కనబడితే, ఎండి తగ్గిందో తిని తగ్గిందో ఎవరు చెప్పగలరు?"

గవరయ్య చెంగమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, అందరికంటే ఈ మాను నీకే అవసరం. రేపు తగ్గితే ఆయన్ని పల్లెత్తు మాట అననని నువ్వొక్కదానివి చెప్పు. నేను కూర్చుంటాను."

చెప్పేస్తే అయిపోయేది. చెంగమ్మ నోరు తెరిచింది. పైడయ్య పొట్ట మీదికి ఆమె చూపు పోయింది, అంతలోనే పక్కకి తప్పుకుంది. ఆ చూపు పైడయ్య చూశాడు.

ఇద్దరు ముగ్గురు కలిసి కాపలా ఉండండి, నెలకోసారి అందరి ముందూ కొలవండి అని ఒక్కరికైనా తోచలేదా అంటే, తోచే ఉంటుంది. అంటే తమ నెత్తిన పడుతుందని ఊరుకుని ఉంటారు. సాయంత్రానికి పొయ్యి మీద బాన ఎక్కింది. చెంగమ్మ కూడా ఒక దొప్పెడు తింది, ఆ సంగతీ చెప్పాలి.

మరుసటేడు ఏనుగు వచ్చింది. ఒక్క ఏటి కుప్ప చూసి తిరిగి వెళ్ళిపోయింది. ఆ కుప్పా విందైపోయింది.

ఆఖరేడు వానల్లో ఇంట్లో కూర్చోలేక మల్లి లేతగడ్డికని బయటికి వెళ్ళింది. కాలికి ఉచ్చు బిగిసింది. కేకలు విని ముందు పరిగెత్తుకొచ్చినవాడు పైడయ్య. నోరంతా రక్తం కారుతున్నా కొరికి కొరికి ఉచ్చు తెంపాడు. పిల్ల బతికింది, కాలు మాత్రం చచ్చుబడిపోయింది. పైడయ్య పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదని చెంగమ్మ చాలాసార్లు అనుకుంది.

ఆ ఏడు బడి మూసే రోజున, తన పిల్ల చదువు అయిపోయినా చెంగమ్మ సంఘానికి వచ్చింది. చేతులు జోడించి పైడయ్యనే అడిగింది.

"అన్నా, నాదే తప్పు. నా పిల్లకి ఎలాగూ లేదు. వెనకొచ్చే పిల్లల కోసమైనా ఈ పువ్వు నీ దగ్గర ఉంచు."

"వద్దు చెల్లీ," అన్నాడు పైడయ్య. "ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇప్పపువ్వు వండితే మా ఆవిడ ముందు వాకిలి మూసేస్తోంది, ఎవరైనా చూస్తారని. దాచడం నాకు కష్టం కాదు. ఏడాది పొడుగునా దొంగలా బతకడం నా వల్ల కాదు."

చెంగమ్మ సంఘం వైపు తిరిగింది. అయితే నేనే దాచుతాను, నా ఇంట్లో ఉంచండి అంది.

ఈసారి గవరయ్య లేవలేదు. లేవాల్సిన పని లేకపోయింది. ఎలుగుబంటి నేల చూపులు చూశాడు. పక్కింటి ముంగిస, మల్లికి పసరు కట్టు కట్టిన ముంగిసే, చెంగమ్మ బక్క ఒంటి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. తగ్గితే ఏమీ అనమని ఒక్కరూ అనలేదు.

చెంగమ్మ గంప తనే ఎత్తుకెళ్ళి బానలో పోసింది.

దాచేవాడి పరువుకి పదిమందీ పూచీ పడని చోట, పిల్లల కోసం పోగేసిన సొమ్ము పెద్దల కడుపుల్లోకే పోతుంది.