రేవులో రాళ్లు

అనగనగా ఏటి ఒడ్డున ఒక అడవి. అందులో ఒక అడవి గేదెల మంద. వాటి తాతలు కరువు కాలంలో ఆ వడి ఏరు దాటి వచ్చి బతికారు. అందుకే ఏటా ఒక్కో గేదె రేవులో ఒక్కో రాయి దొర్లించి తాతల్ని తలుచుకునేది. ఆ రాళ్ల మీదుగానే మంద వేసవిలో అవతలి గడ్డికి వెళ్లేది.

ఒక ఏడు రాళ్ల పని అయ్యాక కొమ్మరాజు అనే దున్నపోతు గుట్టెక్కాడు.

"తాతలు ఒక్క మాట మీద నడిచారు. మనమూ నడుద్దాం!" అన్నాడు.

మంద రంకె వేసింది. చింతాలు అనే గేదె అందరికంటే గట్టిగా వేసింది. మర్నాటి నుంచి వరసలు, కవాతులు. పక్క అడవుల గేదెలూ వచ్చి చేరాయి. వంద కాస్తా వెయ్యయింది.

అంతలో అడవిని ఏలే ఏనుగుల మీదికి తోడేళ్లు యుద్ధానికి వచ్చి ఇవతలి ఒడ్డున దిగాయి. ఏనుగులేమో అవతలి ఒడ్డున ఉన్నాయి. గేదెలకు వాటి మీద పాత కోపం.

"రేవు రాళ్లు పీకేద్దాం. ఏనుగులు అవతలే ఉండిపోతాయి. తోడేళ్లు గెలుస్తాయి, అడవి మనకిస్తాయి" అన్నాడు కొమ్మరాజు.

చింతాలు తెల్లబోయింది. "అవి తాతల రాళ్లు బావా! పీకేస్తే వేసవిలో ఏం తింటాం?"

"గెలిచాక గడ్డికేం కొదవ మరదలా? తాతల మీద ప్రేముంటే నోరు మూసుకుని పీకు."

"తోడేలు గడ్డి పంచిపెట్టడం ఎక్కడైనా చూశావా?"

"పిరికి గేదె!" అన్నారెవరో. మంద నవ్వింది. చింతాలు వరసలోంచి బయటికి వచ్చేసింది. ఒక్కర్తే.

మూడు రోజుల్లో రాళ్లన్నీ పోయాయి. నాలుగో రోజు ఏనుగులు తొండాలెత్తి ఏట్లో దిగాయి. "మేమెప్పుడు రాళ్ల మీద నడిచాం?" అంటూ నింపాదిగా దాటాయి. నెల తిరక్కుండా తోడేళ్లు తోక ముడిచాయి.

ఆ మర్నాడు కవాతుకు సగం గేదెలు రాలేదు. ఒకడికి కాలు నొప్పి. ఒకతెకు ఒంట్లో నలత. ఇంకొకడైతే "నేనసలు చేరనే లేదే!" అన్నాడు. వేసవి వచ్చేసరికి గుట్ట మీద కొమ్మరాజు ఒక్కడే "ఎడమ, కుడి" అనుకుంటూ మిగిలాడు.

ఇవతల గడ్డి మాడిపోయింది. అవతల పచ్చగా ఊరిస్తోంది. చింతాలు రేవుకు వెళ్లి మొదటి రాయి దొర్లించింది. ఒకరి వెనక ఒకరుగా, తలలు వంచుకుని, మంద వచ్చి చేరింది. ఆఖరున కొమ్మరాజు వచ్చాడు.

"నన్నేం చెయ్యమంటావు మరదలా?"

"ఉపన్యాసం మాత్రం వద్దు బావా. రాయి తొయ్యి."

నీతి: తాతలు చూపిన దారిని తెగ్గొట్టమనేవాడు తాతల పేరు ఎంత గట్టిగా చెప్పినా, వాడి వెంట నడవకూడదు.