వట్టి పువ్వులు

శేషమాంబగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. భక్తి అంటే ఏమిటని అడిగినవాడికి ఒకసారి బుట్టెడు చింతపండు ఇచ్చి గింజలు తీయమన్నారు. మోక్షం గురించి ఆరా తీసిన ఒక పెద్దమనిషి ఆవిడ పెరట్లో బావిగట్టు నాచు గీకి, చేతులు కడుక్కుని, మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. అలా రానివాళ్ళు పోగా మిగిలినవాళ్ళే ఆవిడ శిష్యులు. రోజూ సాయంత్రం సన్నజాజి పందిరి కింద చాపలు పరుచుకుని కూర్చుంటారు. ఒకప్పుడు ఆ ఊరి బడిలో ఆవిడ దగ్గర పలకలు పట్టుకుని కూర్చున్నవాళ్ళే, జుట్టు నెరిశాక నాలుగు మంచి మాటలు వినడానికి మళ్ళీ వచ్చారు. అందుకే ఆవిడ అరవై దాటినవాణ్ణి కూడా ‘ఏరా’ అనే పిలుస్తారు. వాళ్ళకీ అది హాయిగానే ఉంటుంది. ఆ వయసులో అలా పిలిచేవాళ్ళు ఇంకెవరు మిగిలారు గనక?

ఆ శిష్యుల్లో పేర్రాజు ఒకడు. ఉద్యోగమంతా బస్సుల డిపోలో కంట్రోలర్‌గా చేశాడు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ ట్రిప్పు ఖాళీగా తిరుగుతోందో, దేన్ని రద్దు చేయాలో చూడటమే అతని పని. రిటైరై సొంత ఊరు వచ్చాక ఆ పని పోయింది గానీ ఆ చూపు పోలేదు. అరుగు మీద పిల్లి పడుకుని కనిపిస్తే, దీని డ్యూటీ ఏమిటా అని ఆలోచించే మనిషి.

అలాంటివాడికి సైకిలు షికారు అబ్బిందంటే అది భార్య మంగతాయారు చలవే. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిడ అతన్ని తెల్లవారుజామున ఇంట్లో చూసి ఎరగదు. తొలి బస్సు కదిలే వేళకి అతను డిపోలో ఉండాలి మరి. రిటైరైన కొత్తలో ఒకరోజు ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని, “నాకు సైకిలు నేర్పుతారా?” అని అడిగింది. ఈ వయసులోనా అనబోయి, ఆ తిప్పుకున్న మొహం చూసి పేర్రాజు ఊరుకున్నాడు. ఆవిడకీ ఒక సైకిలు కొని కాలవ గట్టు మీద నేర్పాడు. నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆవిడ సైకిలుతో సహా వెళ్ళి ఎవరిదో కనకాంబరాల మడిలో పడింది. తోట మనిషి పరిగెత్తుకొచ్చి, ముందు మొక్కల్ని చూసుకుని, తర్వాత ఆవిణ్ణి చూసి, తెగిపడ్డ పువ్వులన్నీ ఏరి ఆవిడ కొంగులో పోశాడు. “పడ్డదానివి ఎలాగూ పడ్డావు, ఉత్త చేతులతో ఎందుకమ్మా వెళ్ళడం?” అన్నాడు.

అప్పటినుంచీ ఎండ ముదరకముందే ఇద్దరూ బయల్దేరేవారు. వాళ్ళది మొక్కల నర్సరీల ఊరు. గట్టుకి ఒక పక్క కాలవ, ఒక పక్క తోటలు. వేసవి వచ్చిందంటే మల్లె, మరువం, అప్పుడే తడిపిన మట్టి, అన్నీ కలిసి ఒకే వాసనై ముక్కుకి తగిలేవి. వాళ్ళ సైకిళ్ళు ఎంత తీరుబడిగా సాగేవంటే, మేతకు వెళ్ళే గేదెలు కూడా విసుక్కుని దాటుకుపోయేవి. తాటిచెట్ల దగ్గర దిగి ముంజలు తినేవారు. మంగతాయారు ప్రతి తోట గుమ్మం దగ్గరా ఆగి, పనేమీ లేకపోయినా బెల్లు కొట్టేది. ఆ బెల్లు వింటే పేర్రాజుకి నవ్వొచ్చేది. అతను సుఖంగా ఉన్నాడు. ఆ సంగతి అతనికి తప్ప ఊరందరికీ తెలుసు.

ఇంతలో, అతనితోపాటే రిటైరైన స్నేహితుడొకడు పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే పోయాడు. చూసి వచ్చిన పేర్రాజుకి భయం పట్టుకుంది. మిగిలింది కాస్త కాలం, దాన్ని దేనికి వాడుతున్నాను అని లెక్క చూసుకున్నాడు. తోటల వెంట తిరగడం, ముంజలు తినడం, బెల్లు కొట్టడం, ఒక్కదానికీ ఫలం కనిపించలేదు. అన్నీ ఖాళీ ట్రిప్పులే. ఇక తెల్లవారుజామంతా జపానికే అని నిర్ణయించుకుని, ఆ సాయంత్రమే భార్యతో చెప్పాడు. “సైకిళ్ళు రెండూ మా మేనల్లుడికి ఇచ్చేద్దాం మంగా. వైశాఖ పున్నమికి వస్తానన్నాడు, తీసుకుపోతాడు.”

మంగతాయారు అప్పుడు పాత తువాలుతో తన సైకిలు హ్యాండిలు తుడుస్తోంది. “మీ ఇష్టమండి” అంది. తుడిచిన చోటే మళ్ళీ చాలాసేపు తుడిచింది.

మర్నాడు అతను జపానికి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్న కాసేపటికి వాకిట్లో సైకిలు బెల్లు ఒక్కసారి మోగింది. కళ్ళు తెరిచి చూస్తే మంగతాయారు సైకిలుకి దూరంగా, వీపు ఇటు పెట్టి వాకిలి ఊడుస్తోంది. ఆ తర్వాత జపం సాగలేదు. ఆ రోజంతా అతనికి దేని మీదా మనసు నిలవలేదు. సాయంత్రం పందిరి కింద అందరి ముందూ అడిగేశాడు.

“పంతులమ్మగారూ, మిగిలింది కాస్త కాలం. ఈ వయసులో తోటలనీ సైకిలనీ, ఫలం లేని సుఖాలతో దాన్ని గడిపెయ్యవచ్చునంటారా?”

శేషమాంబగారికి అప్పుడే కంటి శుక్లాలు తీశారు. నల్లకళ్ళజోడు పెట్టుకుని వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. “నన్ను ఎండలోకి పోవద్దన్నారురా. ఈ కళ్ళజోడు తీసేదాకా నా గుమ్మడితీగ నువ్వు చూసుకో. పొద్దున్నే రా, ఎండెక్కితే పువ్వులు ముడుచుకుంటాయి” అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. పేర్రాజుకి పని పడింది.

ఆ తీగ పెరట్లో గోడ పొడుగునా పాకి ఉంది. ఆవిడకది ప్రాణం. ప్రతి వేసవీ దాని కాయలు శిష్యులందరి ఇళ్ళకూ వెళ్ళేవి. మొదటి రోజు పేర్రాజు ఒక పువ్వుని పట్టుకోగానే లోపలినుంచి జుమ్మని తేనెటీగ లేచింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్న చప్పుడుకే వరండాలోంచి మాట వినిపించింది. “ముట్టుకునే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడరా. ఉంటే కదపకు.”

అతను తీగలు పెంచి ఎరిగినవాడు కాదు. కానీ కంట్రోలర్ కన్ను ఊరుకుంటుందా? త్వరలోనే ఒక సంగతి కనిపెట్టాడు. కొన్ని పువ్వుల అడుగున గోలీ అంత పిందె ఉంది. ఎక్కువ పువ్వులకి అసలేమీ లేదు, సన్నటి కాడ మాత్రమే. అవి వట్టి పువ్వులు. పొద్దున విచ్చుకుంటాయి, తేనెటీగల్ని పోగేసుకుంటాయి, ఎండెక్కేసరికి వాడిపోతాయి. కాసేది లేదు, పెట్టేది లేదు. తీగ బలమంతా వీటికే పోతోందని అతనికి కడుపు తరుక్కుపోయింది. మర్నాటినుంచి, విచ్చుకున్నవి విచ్చుకున్నట్టే వట్టి పువ్వులన్నిటినీ తుంచెయ్యడం మొదలుపెట్టాడు. లోపల ఎవరూ లేకుండా చూసే తుంచాడు, ఆ మాట మాత్రం తప్పలేదు. తుంచినవి ఇంటికి తెస్తే మంగతాయారు, “అయ్యో, ఇప్పుడే విచ్చుకున్నాయి కదండీ” అని వాటిని చెంబుడు నీళ్ళలో పెట్టింది.

కొన్నాళ్ళకి శేషమాంబగారు అడిగారు. “ఏరా, తేనెటీగలు రావడం లేదా?”

“బాగా తగ్గాయండి. ఇప్పుడు పని హాయిగా సాగుతోంది.”

“అలాగా” అన్నారావిడ. “కళ్ళకి ఈ నల్లద్దాల గంతలు కట్టాక ఆ మోత వినే నాకు తెల్లారేదిరా” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, వెలితి ఉంది. అది పేర్రాజుకి ముల్లులా గుచ్చుకున్నా, పిందెలు పెరిగితే ఆవిడే సంతోషిస్తారులే అని సర్దుకున్నాడు.

పిందెలు పెరగలేదు. ఒక్కొక్కటే పసుపురంగుకి తిరిగి, మెత్తబడి, రాలిపోవడం మొదలుపెట్టాయి. అతను నీళ్ళు ఎక్కువ పోశాడు. పశువుల ఎరువు తెచ్చి వేశాడు. అవి ఇంకా రాలాయి. పంతులమ్మగారు కళ్ళజోడు తీసి మొదట చూసేది ఈ బోడి తీగనే కదా అన్న ఆలోచన వచ్చి అతనికి చెమటలు పట్టాయి. చివరికి రాలిన పిందెల్ని దోసిట్లో పట్టుకుని, బడిలో పలక పగలగొట్టుకున్న పిల్లాడిలా ఆవిడ ముందు నిలబడ్డాడు.

ఆవిడ వాటిని వేళ్ళతో తడిమి చూశారు. “వీటికేం తక్కువ చేశావురా?”

“ఏమీ తక్కువ చెయ్యలేదండి. నీళ్ళు పోశాను, ఎరువు వేశాను. కాయని పువ్వులన్నీ ఎప్పటికప్పుడు తుంచేశాను కూడా.”

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. తిడతారనుకుని అతను తల వంచుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. “రేపటినుంచి నీళ్ళు నేను పోయించుకుంటాను. నువ్వు వచ్చి, చేతులు కట్టుకుని తీగ ముందు కూర్చో. ఏమీ చెయ్యకు” అన్నారు.

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అతనికి నరకమైంది. మొదట్లో తీగ మీద అక్కడొకటి ఇక్కడొకటి తేనెటీగలు తప్ప ఏమీ లేవు. తుంచకుండా వదిలేసిన పువ్వులు విచ్చుకుంటున్న కొద్దీ మెల్లమెల్లగా మోత తిరిగి వచ్చింది. ఒక పొద్దున అతని కళ్ళ ముందే ఒక తేనెటీగ వట్టి పువ్వులోకి దిగింది. దిగి, అందులో పొర్లింది. ఎక్కడికో వెళ్ళాలన్న ధ్యాస ఏ కోశానా లేనట్టు, పుప్పొడిలో పడి దొర్లింది. ఒళ్ళంతా పసుపు పూసుకుని, తూలుతూ బయటికి వచ్చి, పక్కనే పిందె ఉన్న పువ్వులోకి వెళ్ళింది. ఆ పసుపంతా అక్కడ అంటింది. వెంటనే ఇంకో వట్టి పువ్వు. మళ్ళీ అదే పొర్లాట. ఆ తర్వాత వచ్చిన పొద్దుల్లో పేర్రాజు ఆ పిందెనే చూస్తూ కూర్చున్నాడు. అది రాలలేదు. నిమ్మకాయంత అయింది.

ఇన్నాళ్ళూ తను తుంచిపోసినవేమిటో అతనికి అప్పుడు తెలిసింది. తీగ సంగతి ఒక్కటే కాదు, వాకిట్లో ఒక్కసారి మోగి ఆగిపోయిన బెల్లు కూడా చెవిలో వినబడింది. ఆ రోజు వైశాఖ పున్నమి అని గుర్తొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగు తీశాడు.

మేనల్లుడు అప్పటికే వచ్చాడు. సైకిళ్ళు రెండూ శుభ్రంగా తుడిచి వాకిట్లో నిలబెట్టి ఉన్నాయి. తీసుకెళ్ళడానికి వీలుగా మంగతాయారే వాటిని తాడుతో జతచేసి కడుతోంది.

“ఇవి ఇవ్వడం లేదురా” అన్నాడు పేర్రాజు వగరుస్తూ. “భోజనం చేసి బస్సుకి వెళ్ళు. ఛార్జీ నేనిస్తాను.”

మంగతాయారు కట్టిన ముడిని ఓపిగ్గా విప్పింది. లోపలికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకి దోపుకుని వచ్చింది. సైకిలెక్కేటప్పుడు ఆవిడ కొంగు అలాగే దోపుకుంటుంది. ఎండ నెత్తికెక్కుతోందని పేర్రాజుకి తెలుసు. అయినా ఆ మాట అనలేదు.

ఆ వారంలోనే శేషమాంబగారి నల్లకళ్ళజోడు తీసేశారు. పందిరి కిందకి పేర్రాజు ఈసారి భార్యను కూడా తీసుకువచ్చాడు. లేచి నిలబడి, పాఠం ఒప్పజెప్పేవాడిలా చెప్పాడు.

“నా ప్రశ్నకు జవాబు దొరికిందండి. వట్టి పువ్వు లేనిదే పిందె నిలవదు. అలాగే, సైకిలు షికారు వల్ల మనసు తేటపడుతుంది, తేటపడితే జపం బాగా సాగుతుంది. అందుచేత అది కూడా పనికొచ్చేదే. రోజూ జపానికి ముందు దానికి కాస్త టైము కేటాయించాను.”

శిష్యులు భేష్ అన్నట్టు తలలూపారు. మంగతాయారు మాత్రం వేళ్ళ మధ్య చాప పోగుని నలుపుతూ కూర్చుంది. శేషమాంబగారు కొత్తగా వచ్చిన చూపుతో ముందు ఆవిణ్ణి చూశారు, తర్వాత అతన్ని చూశారు.

“ఏరా పేర్రాజూ, ఆ తేనెటీగ గుమ్మడికాయ కోసం వచ్చిందంటావా?”

పేర్రాజు భార్య వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది.

మర్నాడు సాయంత్రం అందరూ వచ్చారు, పేర్రాజు చాప ఖాళీగా ఉంది. అంతకు ముందు అతను వేళ తప్పిన రోజు లేదు. “ఒంట్లో బాగోలేదో ఏమో పంతులమ్మగారూ, ఎవరినైనా పంపి కబురు కనుక్కోమంటారా?” అని ఒక శిష్యుడు లేవబోయాడు.

అప్పుడే దూరంగా కాలవ గట్టు మీద ఒక సైకిలు బెల్లు మోగింది. పనేమీ లేకుండానే మోగినట్టుంది. కొంచెం ఆగి, దానికి బదులుగా ఇంకో బెల్లు మోగింది.

శేషమాంబగారు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు పూర్తిగా విన్నారు. తర్వాత ఆ శిష్యుణ్ణి కూర్చోమని చెయ్యి ఊపారు.

“వాడు పువ్వులో ఉన్నాడురా. కదపకండి.”