ఎవరూ చెప్పని తిథి

సముద్రాలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో మణిమంత దేశాన్ని ధర్మసేతు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. రాజుకు చూపు మందగించింది. ఏడు సముద్రాల ఆవల ధూమ్రకేశుడనే మాంత్రికుని తోటలో పూసే వెలుగుపువ్వును తెస్తానని పెద్దవాడు శూరధ్వజుడు ఓడ ఎక్కాడు. తిరిగి రాలేదు. వెతకబోయిన రెండవవాడు మణిధ్వజుడు మూడవ సముద్రం చూసి భయపడి వెనుదిరిగాడు. మూడవవాడు హేమధ్వజుడు అప్పటికి ఆరేళ్ళవాడు.

పన్నెండేళ్ళు గడిచాయి. అన్నేళ్ళు జాడ తెలియనివానికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయడం ఆచారం. పోయిన తిథి తెలియదు కనుక పుష్య అమావాస్యనాడు ఆ కర్మ జరిపించాలని పురోహితుడు నిర్ణయించాడు. రాణి మాలతీదేవి ఒప్పుకోలేదు.

"నా బిడ్డ ఉన్నాడో లేడో చెప్పరు. గడ్డిబొమ్మను కాల్చి నన్ను ఏడవమంటారా?" అన్నది.

హేమధ్వజుడు తల్లికి మొక్కి, అమావాస్యలోగా నిజం తెలుసుకుని వస్తానని మాట ఇచ్చాడు.

ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించగా అది అతనిని వీపున ఎక్కించుకున్నది. ఒక సముద్రం పాలవలె తెల్లగా ఉన్నది. ఒకటి నిద్రపోయే పసివానివలె మెల్లగా ఊపిరి తీస్తున్నది. ఒకదానిలో చందమామలు చేపలవలె ఈదుతున్నవి. ఏడవదానికి చప్పుడే లేదు. బహుళ దశమినాటికి వారు మాంత్రికుని దీవి చేరారు.

ఒడ్డున ఒక కాకి కనబడింది. రాకుమారుడు దానికి అటుకులు పెట్టాడు.

"వద్దు నాయనా, కడుపు నిండింది. ఏటా ఈ దశమినాడు మాంత్రికుడు మాకు పిండాలు పెడతాడు. తక్కిన రోజుల్లో రాళ్ళు విసురుతాడు" అన్నది కాకి.

ఎవరి పేరిట అని అడిగాడు. కాశ్యప గోత్రము, శూరధ్వజ నామధేయము అని కాకి ఒప్పజెప్పింది. రాకుమారుడు ఇసుక మీద కూర్చుండిపోయాడు. అప్పుడు కాకి, మాంత్రికుని ప్రాణం పంజరంలోని చిలుకలో ఉన్నదనీ, చెరలో ఉన్న హంసలేఖ అనే రాకుమారి ఆ చిలుకకు గింజలు పెడుతుందనీ చెప్పింది.

రాకుమారుడు వెళ్ళి చెప్పగా హంసలేఖ అంతా విని పంజరం తెరిచింది. హేమధ్వజుడు చిలుకను పట్టుకుని మాంత్రికుని ఎదుట నిలిచాడు.

తన అన్న ఇక్కడికి వచ్చాడా అని అడిగాడు. రాలేదన్నాడు మాంత్రికుడు. మరి ఏమయ్యాడని అడిగాడు. సముద్రంలో మునిగి ఉంటాడన్నాడు.

"అయితే ఈ తిథి నీకు ఎవరు చెప్పారు? కన్నతల్లికే తెలియదే."

ధూమ్రకేశుని చేతికి ఇంకా నువ్వులు అంటుకునే ఉన్నాయి. అతడు చేతిని చూసుకున్నాడు.

పువ్వు ఇస్తానని నమ్మించి, పడుకున్న అతిథిని చంపానని ఒప్పుకున్నాడు. ఆనాటి నుండి తనకు నిద్ర లేదనీ, పిండం పెట్టిన రోజు మాత్రం ఒక్క కునుకు పడుతుందనీ అన్నాడు. వెలుగుపువ్వు పొద కిందనే అస్థికలు ఉన్నాయని చూపించాడు.

"ఇక కానివ్వు, రాకుమారా. నన్ను పడుకోనివ్వు" అన్నాడు.

హేమధ్వజుడు చిలుక మెడ విరిచాడు. మాంత్రికుడు నిద్రపోయినవానివలె ఒరిగిపోయాడు.

అస్థికలతో, పువ్వుతో, హంసలేఖతో అతడు అమావాస్యకు ముందే ఇల్లు చేరాడు. పువ్వు కళ్ళకు అద్దగా రాజుకు చూపు వచ్చింది. ఆ చూపుతో ఆయన మొదట చూసింది పెద్దకొడుకు అస్థికలను.

"బాధపడ్డాడా, నాయనా?" అని రాణి అడిగింది.

"లేదమ్మా. నిద్రలోనే పోయాడు. దశమినాడు."

"దశమి" అని ఆమె ఒకసారి అనుకున్నది. పన్నెండేళ్ళలో మొదటిసారిగా ఏడ్చింది. గడ్డిబొమ్మతో పనిలేకపోయింది.

ఏడాది గడిచాక హంసలేఖ ఇష్టపడి హేమధ్వజుని పెళ్ళాడింది. మణిధ్వజుడు తానే ముందుకు వచ్చి తమ్మునికి కిరీటం పెట్టించాడు. వారు చిరకాలం ఏలారు. ఇల్లు విడిచి వెళ్ళినవాడు చెప్పిన రోజుకు రాకపోతే, పన్నెండేళ్ళు ఆగకుండా మరునాడే వెతకబోవడం ఆ దేశంలో వారి కాలం నుండే మొదలైంది.