దివానుగారు అటకెక్కిన రోజు

దివాను జగ్గరాజుకు దిష్టి భయం జాస్తి. ఊరి కళ్లు తన పట్టుబట్టల మీద పడతాయని, అవి దాచిన అటక గవాక్షాలన్నీ గచ్చుతో మూయించాడు. వానలు వెలిశాక చూస్తే బట్టలన్నిటికీ తెల్లగా బూజు!

"కప్పు కారుతోంది! పెంకులు నేసిన పైడయ్యకు యాభై కొరడా దెబ్బలు!" అని మండిపడ్డాడు.

పైడయ్య గుండె జారింది గానీ బుర్ర జారలేదు.

"చిత్తం దొరా. తమరు అటకలో కూర్చోండి, నేను పైనుంచి నీళ్లు పోస్తాను. ఒక్క చుక్క కారినా వంద కొట్టించండి" అన్నాడు.

దివాను అటకెక్కి తలుపు వేయించుకున్నాడు. పైడయ్య కప్పెక్కి, నిండుకడవ పక్కన పెట్టుకుని తీరిగ్గా చుట్ట వెలిగించాడు.

కాసేపటికే దివాను రొప్పుతూ బయటపడ్డాడు. "దొరికావురా! నిలువెల్లా తడిసిపోయాను!"

"అది తమరి చెమట దొరా. కడవ ఇంకా వంచనేలేదు" అన్నాడు పైడయ్య. "తమరు కాసేపు ఓర్చుకోలేని ఉక్కలో ఆ బట్టలు వానాకాలమంతా ఉన్నాయి. బూజు పట్టక ఏమవుతాయి? గవాక్షాలు తెరిపించండి."

"మరి దిష్టో?" గొణిగాడు దివాను.

"ఆ బూజు పంచె ఒకటి గవాక్షానికి వేలాడదీయండి దొరా. దాన్ని చూసి ఏడ్చేవాడు ఇంకా పుట్టలేదు."

దివాను పగలబడి నవ్వి, గునపం తెమ్మన్నాడు.