అసిరమ్మ తవ్విన గుంటలు

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా పుట్టని కాలం. ఏటి ఒడ్డున ఓ చిన్న పట్నం. ఆ పట్నానికి ఓ మురుక్కాలువ. కాలువ చివర మూడు గుంటలు. ఆ గుంటలకు కాపలా అసిరమ్మ. ఊ కొడుతున్నారా నాయనా? కొట్టండి, గంగమ్మ తల్లి కూడా వింటుంది.

మొదటి గుంటలో మడ్డి దిగేది. రెండో గుంటలో తుంగ మొలిచి మిగిలిన మురికిని పీల్చేది. మూడో గుంటలో చేపపిల్లలు బతికి తిరుగుతుంటేనే అసిరమ్మ తూము తీసేది, నీళ్లు ఏట్లో కలిసేవి. దిగువన జాలరిపేట. ఆ పేట తాగేది ఏటి నీళ్లే. అసిరమ్మ ఒక్కగానొక్క కూతురు పైడమ్మ కాపురం అక్కడే. నిండు చూలాలు.

మడ్డి తట్ట ఎత్తుకుంటూ అసిరమ్మ రోజూ అనే మాట ఒకటే: "అమ్మ తాగే నీళ్లు. ఆ తర్వాతే మనం."

ఓ ఏడాది గంగమ్మ జాతర పల్లకి ఆ గుంటల పక్కనుంచి పోవాల్సొచ్చింది. అమ్మవారి దారిలో మురికేమిటన్నారు పెద్దలు. గుంటలు పూడ్చి, పైన బంతినారు నాటి, కాలువను తిన్నగా ఏట్లోకి తిప్పమన్నారు. భక్తితోనే అన్నారు తల్లీ. అదే ఘోరం.

అసిరమ్మ ఊరిపెద్ద అప్పలసామి కాళ్లమీద పడింది. "అమ్మ తాగే నీళ్లు బాబూ!"

"ముందు నీ ఒంటి కంపు కడుక్కో. తర్వాత అమ్మ సంగతి చెబుదువుగాని."

"కంపు నా దగ్గర ఆగబట్టే కదా బాబూ, మీ వాకిలి తొక్కలేదు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పలసామి నవ్వలేదు.

పూజారి దగ్గరికి పరుగెత్తింది. "అమ్మ తాగే నీళ్లు సామీ!"

"లోకాన్ని కడిగే ఏటికి మైలేమిటే, పిచ్చిదానా?"

పూడ్చే కూలీలకు అడ్డం నిలబడింది. "అమ్మ తాగే నీళ్లురా!"

"పెద్దలు చెప్పారు, తప్పుకో అత్తా," అంటూ తట్టలు దిమ్మరించారు.

జాతర ఘనంగా జరిగింది. బంతులు విరగబూశాయి.

ముందు చేపలు పొట్టలు పైకి తేలాయి. తర్వాత గొడ్లు ఒరిగాయి. ఆ తర్వాత జాలరిపేటలో వాంతులు, విరేచనాలు. అసిరమ్మ వెళ్లేసరికి పైడమ్మ లేదు. కడుపులో బిడ్డా లేదు.

అసిరమ్మ ఏడవలేదంటారు. గునపం పట్టుకొచ్చి బంతిమొక్కల మధ్య తవ్వసాగింది.

"ఇంకెవరి కోసమే? నీ కూతురే పోయింది కదా!" అన్నారు జనం.

"పేటలో ఇంకా కూతుళ్లున్నారు," అంది.

ఒంటరిగానే మొదటి గుంట తవ్వింది. రెండో గుంట తవ్వింది. మూడో గుంటలో ఉండగా ముసురు పట్టింది. నానిన గట్టు ఆమె మీద విరిగిపడింది. పైకి తీసేసరికి ఊపిరి లేదు.

అప్పుడు అప్పలసామి తలపాగా విప్పి గుంటలోకి దిగాడు. పూజారి దిగాడు. కూలీలు దిగారు. మూడో గుంట ఊరంతా తవ్వింది. చేపలు తిరిగిరావడానికి ఏళ్లు పట్టింది. పోయినవాళ్లు రాలేదు.

ఇప్పటికీ జాతరనాడు ఆ పట్నం పెద్ద కాలినడకన జాలరిపేటకు పోతాడు. పేటలోని చూలాళ్లందరి ఎదుటా ఏటి నీళ్లు దోసిలిపట్టి తాగుతాడు. వాళ్లు కన్నార్పకుండా ఆయన గొంతుకేసే చూస్తారు.

"మింగావా నాయనా?"

"మింగానమ్మా."

ఆ మాట వినబడితేనే అమ్మ పల్లకి లేస్తుంది.