దొర కారులో ఆరని దీపం

రాజ్యాలు పోయినా దొరతనం పోని ఒక ఊళ్లో, భూపాలదొర పాతకారుకు ఒక రోగం పట్టుకుంది. ఇంజన్‌లో లోపముందని చెప్పే దీపం వెలిగిందంటే ఆరదు. ముగ్గురు మెకానిక్కులు వంతులవారీగా వచ్చి, పొగలో గాలి ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సరు మార్చారు. మార్చిన ప్రతిసారీ రెండు రోజులకే దీపం మళ్లీ వెలిగింది. దొర ముగ్గురినీ గడ్డిగదిలో పెట్టి తాళం వేయించాడు.

నాలుగోవాడు దస్తగిరి. కారు కిందికి దూరి చూశాడు. సెన్సరుకు ముందు, పొగగొట్టానికి వరసగా బెజ్జాలు. వాటిలోంచి బయటిగాలి లోపలికి పోతోంది. గాలి ఎక్కువైందని సెన్సరు ఉన్నమాటే చెబుతోంది. కారు గర్జిస్తే జనం ముందుగానే లేచి నిలబడతారని ఆ బెజ్జాలు వేయించింది దొరే.

"ఏం తేలింది?" అన్నాడు దొర, తాళంచెవి వేలికి తిప్పుతూ.

దస్తగిరి చేతులు కట్టుకున్నాడు. "మీ పంచాయితీలో ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే ఏమంటారు దొరా?"

"నిజమంటాను. దానికి తిరుగులేదు."

"మూడు సెన్సర్లూ ఒకే మాట చెప్పాయి దొరా, బయటిగాలి చొరబడుతోందని. మార్చినవాళ్ల తప్పేం లేదు."

"అయితే ఆ గాలికి దారి చేసినవాణ్ణే గదిలో వేస్తాను. ఎవడు వాడు?"

దస్తగిరి గడ్డిగది వైపు చూశాడు.

"పొగగొట్టానికి బెజ్జాలు వేయించినవారు దొరా. గది బాగా ఇరుకు. ముందు ఆ ముగ్గురినీ బయటికి పంపిస్తే, తమరు కూర్చోవడానికి చోటుంటుంది."

వేలిమీద తాళంచెవి ఆగిపోయింది. తర్వాత అది వచ్చి దస్తగిరి కాళ్ల దగ్గర పడింది.