గడప దాకా రాని గిన్నె

రంగేశ్వరి చావిడి మెట్లెక్కుతూనే అనేసింది.

"తాతా, వాడు లోపలికొస్తే నేను బయటికి పోతా. ఈ రోజే తేల్చు."

కాశింపీరయ్య తాత తల ఎత్తలేదు. కూర్చోడానికి వేసుకునే చిన్న పరుపొకటి ఒళ్లో పెట్టుకుని కుడుతున్నాడు. పరుపులు కుట్టే దూదేకుల ఇంట పుట్టినవాడు. గురువని ఇంతమంది చేరినా సూది మాత్రం వదల్లేదు.

"సూదిలో దారం ఎక్కించు పాపా. నా కండ్లకు ఆనడం లేదు."

"నేనేం అడిగినానో వినపడిందా?"

"వినపడింది. కండ్లే కదా పోయింది, చెవులు కాదు."

రంగేశ్వరి విసురుగా దారం ఎక్కించి ఇచ్చింది. తాత రెండు కుట్లు వేసి, "సినిమా తెచ్చినావా?" అన్నాడు.

"తెచ్చినా."

"అయితే కట్టు పో తెర. జనం వస్తాండారు."

అంతే. అది అవునో కాదో రంగేశ్వరికి తెలియలేదు.

ప్రతి గురువారం పొద్దు గూకాక ఆ చావిడిలో తాత మనుషులు ఆయన కుట్టిచ్చిన పరుపుల మీద గుండ్రంగా కూర్చుంటారు. సాయిబులూ ఉంటారు, బోయలూ ఉంటారు, ఎవరైనా ఉంటారు. ఏదో ఒక మాట ఎత్తుకుని తలా ఒకటి మాట్లాడతారు. లేచే ముందు కంచు గిన్నెలో బెల్లం పానకం తిరుగుతుంది. గిన్నె ఒక్కటే. ఒక గుటక తాగి పక్కవాళ్లకు రెండు చేతులతో ఇవ్వాలి. కింద పెట్టకూడదు. పక్కనున్నవాళ్లను వదిలేసి అవతలివాళ్లకు దాటించకూడదు. కొత్తవాళ్లను చేర్చుకోడానికి వేరే తంతంటూ ఏమీ లేదు. పక్కవాళ్లు గిన్నె అందిస్తే చేరినట్టే.

మద్దిలేటి వానాకాలం నుంచి వస్తున్నాడు. నాపరాళ్ల ఫ్యాక్టరీలో పని. ముప్పై దాటిన మనిషి. వచ్చి గడప అవతల, చెప్పులు విడిచే చోట కూర్చుంటాడు. గిన్నె అక్కడిదాకా పోదు. అందరూ లేచాక వీధి కొళాయి దగ్గర నీళ్లు తాగి వెళ్లిపోతాడు. పోయిన గురువారం మాత్రం గడప మీద చెయ్యి పెట్టి, "లోపలికి రావచ్చునా సామీ?" అని అడిగాడు. తాత, "చూద్దాం లే అబ్బీ" అన్నాడు.

ఆ మాటతోనే రంగేశ్వరికి నిద్ర పట్టకుండా పోయింది.

ఆమె నాయన పుల్లన్న, ఊరి పెద్దాయనొకరి జీపు తోలేవాడు. రెండు వర్గాల కొట్లాట మంచి ముదురు మీదున్న రోజులవి. సంత దగ్గర జీపు ఆగినప్పుడు, రంపపు పొట్టు బకెట్ పట్టుకుని ఒక పిల్లోడు ఎదురొచ్చాడు. పిల్లోడే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పొట్టులో అవతలి వర్గంవాళ్లు పెట్టి పంపిన నాటుబాంబులు ఉన్నాయి. పెద్దాయన ఆ రోజు జీపులో లేడు. పుల్లన్న ఉన్నాడు.

ఆ పిల్లోడు మద్దిలేటి. అప్పటికి వాడికి మీసాలు కూడా రాలేదు. రంగేశ్వరి ఇంకా బడికి పోవడం లేదు.

ఊళ్లో ఇది తెలియనివాళ్లు లేరు. చావిడిలోనూ లేరు. కానీ ఎవరూ ఎత్తరు.

రంగేశ్వరికి ఈ చావిడి వదిలి పోవడమంటే మాటలు కాదు. ఇంటర్ మధ్యలో ఆపేసి సెల్‌ఫోన్ల షాపులో కుదిరింది. అక్కడే ఖాళీ ఉన్నప్పుడల్లా దేశదేశాల సినిమాలు చూసి, కింద పడే అక్షరాలు చదివీ చదివీ ఇంగ్లీషు పట్టేసింది. షాపులో ఆమె మాట వినేవాడు లేడు. ఇంట్లో అమ్మ, "నీ సినిమాల గోల నాకేమిటికి" అంటుంది. వినేది ఈ చావిడి ఒక్కటే. తెర కట్టి, బొమ్మ నడుస్తుండగానే పక్కన నిలబడి ఆమె తెలుగులో చెబుతుంటే ముసలీ ముతకా నోళ్లు తెరుచుకుని వింటారు.

ఇప్పుడు పట్టుకున్నవి ఆఫ్రికా యుద్ధాల సినిమాలు. చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చి సైనికుల్ని చేసిన యుద్ధాలు. దొరికినవన్నీ చూసింది. వాటిల్లోకెల్లా మంచిదని ఒకటి ఏరి తెచ్చింది. మద్దిలేటి సంగతికీ దీనికీ ఏ సంబంధమూ పెట్టుకుని కాదు. ఆ మాట నిజం.

తాత పరుపులకని తెచ్చుకున్న తెల్లగుడ్డనే గోడకు కట్టింది. ప్లగ్గు గడప పక్కన ఒకటే ఉంది, అందుకని బొమ్మ వేసే మెషీన్ అక్కడ పెట్టుకుంది. గడప అవతల మనిషి ఉన్నాడని ఆమెకు తెలుసు. అటు తిరగలేదు.

సినిమా మొదలైంది. ఆటో నడిపే జమ్మన్న మొదటి బొమ్మకే, "ఏం పాపా, ఆఫ్రికా ఆఫ్రికా అంటివి, మన వెల్దుర్తి రోడ్డు మాదిరే ఉందే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్రమట్టి, మేకలు, ఎండ. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

పన్నెండేళ్ల పిల్లోడు. ఊరి మీద పడినవాళ్లు వాణ్ణి ఎత్తుకుపోతారు. తుపాకీ వాడంత పొడుగుంటుంది. వాడికొక కొత్త పేరు పెడతారు. ఏదో పొడి ముక్కులో ఊదుతారు. పగలు మనుషుల్ని కాలుస్తాడు, పడుకునేటప్పుడు బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. ఒకరోజు వాడి సొంత ఊరి మీదికే పంపుతారు. అక్కడ వాడి చేతిలో చచ్చినవాళ్లలో ఎదురింటి మొగాయన ఒకడు.

రంగేశ్వరి అందరి మాటలూ తానే అయి చెప్పింది. దళ నాయకుడి మాటలకు గొంతు లావు చేసింది. పిల్లోడి మాటలకు సన్నం చేసింది. "నేను కొట్టనంటే నన్ను కొడతారు, నేనేం చెయ్యాల?" అని ఆమె అన్నప్పుడు వంటలు చేసే బీబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర్లో యుద్ధం అయిపోతుంది. పిల్లోడు ఊరికి తిరిగొస్తాడు. వాడిల్లు లేదు. ఎదురింటి ముందు నిలబడి నీళ్లు అడుగుతాడు. ఆ ఇంటి ఆడమనిషి చెంబుతో బయటికొస్తుంది. వాణ్ణి చూస్తుంది. సినిమా అక్కడితో ఆగిపోయింది.

"తర్వాత?" అన్నాడు జమ్మన్న.

"అంతే."

"అంతేనా? కరెంటు పోయిందేమో అనుకుంటి."

"నీళ్లిచ్చిందా లేదా?" అని తాత అడిగాడు. సినిమా అంతసేపూ ఆయన నోరు విప్పింది ఇదే.

"చూపించలేదు తాతా. చేతగాక అక్కడ ఆపేసినాడు." రంగేశ్వరి ఊపు మీదుంది. "మిగతా సినిమాలు ఇంతకంటే అన్యాయం. యాడి నుంచో ఒక తెల్లోడు వచ్చి పిల్లోళ్లను కాపాడి పోతాడు, కథ వాడిదైపోతాది. ఇందులో ఎవడూ రాడు, అదే నాకు నచ్చింది. కానీ ఇంత తీసి చివర్లో భయపడితే ఎట్ల? నేనైతే ఆ యమ్మ చేత చెంబు ఇప్పించి, నీ తప్పేం లేదు నాయనా అని ఒక్క మాట చెప్పించేదాన్ని. దాంట్లో ఏముంది? చెంబు నీళ్లే కదా!"

"మొగుణ్ణి చంపినాడు కదమ్మా వాడు," అన్నాడు జమ్మన్న.

"వాడు చంపినాడా? వాడి చేత చంపించినారు! పన్నెండేళ్లోడికి ఏం తెలుసు చిన్నాయనా? నీ మనవడు పన్నెండేళ్లోడేగా, వాడికి నిక్కరు గుండీ పెట్టుకోను వస్తాదా? తుపాకీ ఇచ్చినోణ్ణి అడగాల, పట్టుకున్నోణ్ణి కాదు."

"అదీ నిజమేలే," అన్నాడు జమ్మన్న.

బీబమ్మ కండ్లు తుడుచుకుంది. "మే రంగా, ఆ పిల్లోడు పెద్దోడైతే యాడికి పోతాడు మే? ఇల్లూ లేదు, అమ్మా లేదు."

"ఎవరో ఒకరు చేర్చుకోవాల పెద్దమ్మా. మనుషులు కాదా వాళ్లు? వాకిట్లో నిలబెట్టి..."

అక్కడ ఆగింది.

గడప అవతల చెప్పులు కదిలిన చప్పుడైంది. ఎవరూ అటు చూడలేదు. ఒకరి మొహం ఒకరు కూడా చూసుకోలేదు. జమ్మన్న తన కాలి గోరు చూసుకుంటూ కూర్చున్నాడు.

"అది వేరు," అంది రంగేశ్వరి.

ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"అది వేరు," అని ఇంకోసారి అంది, ఈసారి నెమ్మదిగా.

తాత దగ్గాడు. "దాహంగా ఉంది. పానకం తే బీబమ్మా."

బీబమ్మ గిన్నె నింపి తెచ్చింది. ఎప్పుడూ మొదటి గుటక తాతదే. ఈసారి ఆయన గిన్నెను ముట్టుకోలేదు. "మీరు తాగండి ముందు. నాకు చివర ఇయ్యండి," అన్నాడు. గోడ పట్టుకుని లేచాడు. కుడుతున్న పరుపును చంకలో పెట్టుకుని, గుండ్రం మధ్యలోంచి నడిచి, రంగేశ్వరిని దాటి, గడప దాటాడు. మద్దిలేటికి అవతలి పక్కన, చెప్పుల్లో చోటు చేసుకుని కూర్చున్నాడు.

"సామీ, అక్కడ మట్టి..." అంటూ మద్దిలేటి లేవబోయాడు.

"కుచ్చో అబ్బీ. మట్టికి నేను కొత్తనా?"

గిన్నె బయలుదేరింది. బీబమ్మ తాగి పక్కావిడకు ఇచ్చింది. ఆవిడ ఇంకొకరికి. చేతులు మారుతూ గోడ వెంట వచ్చింది. మామూలుగా ఈ సరికి ఏదో ఒక గుసగుస, నవ్వు ఉంటుంది. ఇప్పుడు గుటకలు వినపడుతున్నాయి. జమ్మన్న తాగి, రెండు చేతులతో రంగేశ్వరికి అందించాడు. అందిస్తూ ఆమె వైపు చూడలేదు.

ఆమె ఒక గుటక తాగింది. మిరియం గొంతులో పట్టుకుంది.

కింద పెట్టకూడదు. దాటించకూడదు. ఆమె పక్కన ఇక లోపల ఎవరూ లేరు. గడప ఉంది. గడప అవతల మద్దిలేటి. వాడి అవతల తాత, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, దాహంతో.

లేచి నిలబడింది. మెషీన్ ఇంకా వెలుగుతోంది. ఆమె అడ్డం రాగానే తెర మీద నీడ పడింది. రెండు చేతుల్లో గిన్నె పట్టుకున్న ఆడమనిషి నీడ. అది అందరూ చూశారు, ఆమె తప్ప. ఆమె గిన్నెలోకి చూస్తోంది.

పోవచ్చు. మెట్లు దిగి పోవచ్చు. అదే చెప్పింది కదా పొద్దుగూకేటప్పుడు. గిన్నె పట్టుకుని ఎట్లా పోవడం?

మద్దిలేటి తల దించుకునే ఉన్నాడు. చేతులు ఒళ్లో దాచుకున్నాడు. రాతి పొడి పట్టి వేళ్ల సందుల్లో తెల్లగా ఉంది. మెడ వెనక వెంట్రుకలు అప్పుడే నెరుస్తున్నాయి. ఇంత దగ్గరగా వాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె మనసులో వాడికి ఎప్పుడూ చేతిలో బకెట్టే ఉంటుంది.

వంగి గిన్నె ముందుకు చాచింది.

"తాతకు దాహంగా ఉందంట," అంది. "తాగి ఇయ్యి."

మద్దిలేటి చేతులు పైకి రాలేదు. ఆమె ఇంకా కొంచెం వంగింది. అప్పుడు వచ్చాయి. గిన్నె అంచు వాడి పళ్లకు తగిలి టకటకమంది. ఒక్క గుటక. మోచేతితో మూతి తుడుచుకుని, రెండు చేతులతో తాతకు ఇచ్చాడు.

తాత అడుగు దాకా తాగాడు. "మిరియాలు ఎక్కువేసినావే బీబమ్మా," అన్నాడు.

"దగ్గుతాండావని వేసినా సామీ," అంది బీబమ్మ, కండ్లు తుడుచుకుంటూ.

జనం లేచారు. ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కున్నారు. జమ్మన్న మాత్రం ఒక చెప్పు కనపడక, "తాతా, నువ్వు దేని మీద కూర్చున్నావో చూడు ఒకసారి," అన్నాడు. చూస్తే దాని మీదే. అప్పుడు కాస్త నవ్వులు వినపడ్డాయి. మద్దిలేటి నవ్వలేదు. వీధి కొళాయి దగ్గరికి పోలేదు. గడప పక్కనే గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

రంగేశ్వరి తెర విప్పింది. గుడ్డ మడత పెట్టింది. వైరు చుట్ట చుట్టింది, సరిగా రాలేదని విప్పి మళ్లీ చుట్టింది.

బీబమ్మ ఖాళీ గిన్నె తీసుకుపోతూ ఆమె దగ్గర ఆగింది.

"మే రంగా, ఆ యమ్మ నీళ్లిచ్చింటాదంటావా?"

"తెలీదు పెద్దమ్మా."

"ఇచ్చి ఆ మాట చెప్పించేదాన్నంటివే, నీ తప్పేం లేదని?"

రంగేశ్వరి వైరు కొసన ముడి వేసింది.

"ఇచ్చింటే, ఆ మాట వచ్చింటాదని నేననుకోను," అంది. "వేరే ఏదో ఒకటి అనింటాది."

గడప అవతల తాత పరుపు ఒళ్లోకి తీసుకున్నాడు. మూడు వైపులా కుట్టడం అయింది. సూదీ దారం చెరో చేత్తో పట్టుకుని ఆమె వైపు చాచాడు.

ఎవరికి ఆ పరుపని ఆమె అడగలేదు. దీపం కిందికి జరిగి, దారం కొస తడి చేసుకుంది.